బూరె మొహం

మొదట వాసన పట్టింది అమ్మమ్మ.

"ఒరే, ఈ సోఫా దగ్గర ఏదో చచ్చిందిరా" అంది ఓ పొద్దున్న. ఎలుకేమో అనుకుని సోఫా లాగాను. ఒక సాక్సు, రెండేళ్ళ కిందట పోయిన చార్జరు, బోలెడు కుక్క వెంట్రుకలు తప్ప ఇంకేం లేదు. "లేదే" అన్నాను. ఈలోగా మా కుక్క గారు గురక పెట్టుకుంటూ వచ్చి, అమ్మమ్మ ఒళ్ళో గడ్డం ఆనించి కూచున్నారు. అమ్మమ్మ ముక్కు మీద కొంగు వేసుకుని, "సోఫా కాదు, ఇదిగో ఇదీ" అంది.

ఇది నా కుక్క కాదు. అంటే ఇప్పుడు నాదే, కానీ కొన్నది నేను కాదు. రూమ్మేట్‌కి అమెరికాలో ఉద్యోగం వచ్చింది, మూడు వారాల్లో డాలస్‌లో దిగాలి. "దీన్ని తీసుకుపోలేను మావా" అన్నాడు. పొట్టి మూతి కుక్కల్ని చాలా ఎయిర్‌లైన్స్ కార్గోలో ఎక్కించుకోవు. అంత ఎత్తున, ఆ వేడికీ ఆ కంగారుకీ ఊపిరి అందక చచ్చిపోయే ప్రమాదం వాటికి ఎక్కువ. "రెండు నెలలు చూసుకో, ఎవరో ఒకర్ని వెతుకుతా" అన్నాడు. ఇది రెండో ఏడు. వెతకడం మానేశాడు, నేనూ అడగడం మానేశాను.

పగ్గు. మన వాళ్ళకి అలా చెబితే ఒక్కోసారి అర్థం కాదు, "హచ్ కుక్క" అంటే వెంటనే తెలుస్తుంది. 2003లో ఆ ఫోన్ యాడ్ వచ్చినప్పుడు నేను బడికి కొత్తగా వెళుతున్న వయసు. ఓ పిల్లాడి వెనకాల పొలాల్లో, మెట్ల మీద పరిగెత్తే ఆ ముడతల మొహాన్ని చూసి, మా కాలనీలో సగం మంది పిల్లలం నాన్నల ప్రాణం తీశాం. మా నాన్న కొనలేదు. పాతికేళ్ళు దాటాక ఇలా చేతికి అంటింది.

మా వాడు దానికి పెట్టిన పేరు బ్రూనో. అమ్మమ్మకి నోరు తిరగలేదు. "బూనో, బూరో" అని రెండు రోజులు కుస్తీ పట్టి, "పోనీలే, బూరె" అంది. నూనెలో పొంగి మధ్యలో సొట్ట పడ్డ బూరెలాగే ఉంటుంది దాని మొహం కూడా. ఇప్పుడు బ్రూనో అంటే చెవి కూడా కదపదు.

అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది శుక్లాల ఆపరేషన్‌కి. కుడి కన్ను. ఆపరేషన్ అయ్యాక రోజుకి ఇన్నిసార్లని చుక్కలు వెయ్యాలి, వారం వారం తగ్గించుకుంటూ రావాలి. ఆ షెడ్యూలు నేను ఫోన్‌లో అలారాలుగా పెట్టాను. ఎనిమిదింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, నాలుగింటికి, ఎనిమిదింటికి. ఒక్కటీ తప్పలేదు. క్లయింట్ కాల్ మధ్యలో కెమెరా ఆపేసి వెళ్ళి మరీ వేసి వచ్చాను. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "వీడు నర్సుకన్నా నయమే" అని అమ్మమ్మ మెచ్చుకునేది.

అదే ఫోన్‌లో ఇంకో అలారం ఉంది. "బ్రూనో మొహం, రాత్రి 9:30." అది మాత్రం ఐదు వారాలుగా స్నూజ్ అవుతూనే ఉంది.

మా వాడు వెళ్ళేటప్పుడు చెప్పాడు, "మొహం మడతలు రోజూ తుడవాలి" అని. మొదట్లో తుడిచేవాణ్ణి. తర్వాత రోజు మార్చి రోజు, తర్వాత ఆదివారం ఆదివారం. జూన్‌లో మాకు రిలీజ్ పడింది. రాత్రి ఒంటిగంట దాకా కాల్స్. మా టీమ్‌లో ఒక మాట వాడుతుంటాం, ఇప్పుడు చెయ్యకపోయినా కొంప మునగని పనుల్ని బ్యాక్‌లాగ్‌లో పడేస్తాం. బూరె మొహం బ్యాక్‌లాగ్‌లోకి వెళ్ళింది. పైగా వర్షాలు మొదలయ్యాయి. స్నానం చేయించే ఓపిక లేక దగ్గర్లో ఉన్న ఒక గ్రూమింగ్ షాపుకి తీసుకెళితే, వాళ్ళు షాంపూ పెట్టి, సెంటు కొట్టి, మెడకి రిబ్బను కట్టి పంపారు. మడతల్లో తడి అలాగే ఉంది. వాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు. సెంటు వాసన నాలుగు రోజులుంది. ఐదో రోజు అమ్మమ్మకి ఎలుక వాసన వచ్చింది.

"పట్టుకోరా దాన్ని" అంది అమ్మమ్మ. నేను పట్టుకున్నాను. ముక్కు పైన ఉంటుంది చూడండి, రెండు కళ్ళ మధ్య నుంచి ముక్కుకి కప్పు వేసినట్టు అడ్డంగా వాలే మడత. దాన్ని బొటనవేలితో పైకెత్తింది. లోపల చర్మం ఎర్రగా, చెమ్మగా, గోధుమరంగు జిగురుతో ఉంది. అక్కడక్కడ వెంట్రుకలు ఊడిపోయాయి. వాసన గుప్పున కొట్టింది. పాత చీజు, తడిసిన గోనె సంచీ కలిపితే వచ్చే వాసన.

"అయ్యో నాయనా, ఒరుసుకుపోయిందిరా" అంది. "చంటిపిల్లల మెడలో పాలు చేరి ఇలాగే అవుతుంది. మీ అమ్మకి అయింది, నీకూ అయింది. నీళ్ళు పోశాక మెడ మడతలూ, తొడ మడతలూ పొడిగుడ్డతో అద్దేదాన్ని. ముందు తడి ఆర్చాలి, ఆ తర్వాతే ఏదైనా."

జబ్బు ఏమిటో మా అమ్మమ్మ డాక్టరు కన్నా ఒక రోజు ముందే చెప్పిందన్నమాట. చర్మం మీద చర్మం పడుకుని ఉంటే మధ్యలో గాలి ఆడదు. కన్నీళ్ళు, చొంగ, తిండి మెతుకులు, చెమ్మ అక్కడే నిలవుంటాయి. వెచ్చగా ఉంటుంది. ఎప్పుడూ చర్మం మీద కొద్దికొద్దిగా ఉండే ఈస్టు, బాక్టీరియా అక్కడ తెగ పెరుగుతాయి. రాపిడికి పైచర్మం లేచిపోతుంది, అప్పుడు వాటి పని ఇంకా సులువు. చంటిపిల్లల్లో అయినా, లావుపాటి పెద్దవాళ్ళలో అయినా, మా బూరె మొహంలో అయినా జరిగేది ఒకటే. పిల్లలు నెలలు గడిచేకొద్దీ మెడ సాగి బయటపడతారు. బూరెకి ఆ మడత జన్మంతా ఉంటుంది.

అమ్మమ్మ జబ్బు సరిగ్గా చెప్పింది కానీ, మందు మాత్రం పసుపూ కొబ్బరినూనే అంది. పైన కాస్త పౌడరు. నేను ఇంటర్నెట్‌లో రెండు నిమిషాలు చదివి మేధావిలా వద్దన్నాను. ఆ మాత్రం మంచి పనైనా చేశాను. దానికి ప్రతిఫలంగా అదే రాత్రి అంతకన్నా పెద్ద తప్పు చేశాను.

రాత్రి పదకొండు గంటలకి అమ్మమ్మ మళ్ళీ పిలిచింది. మూడేళ్ళుగా అన్నీ మసగ్గా చూసిన మనిషి, కొత్తగా వెలుగొచ్చిన కంటితో ట్యూబులైటు కింద కుక్క మొహంలోకి తేరిపార చూస్తోంది. "ఒరే, దీని ఎడం కంట్లో పువ్వు పూస్తోందిరా" అంది.

చూశాను. నల్లగుడ్డు మీద, ముక్కు వైపున, పొగ చూరినట్టు ఓ తెల్లటి మచ్చ. కన్ను సగం మూసి పెట్టుకుంది. కింద పుసి. ఎప్పట్నుంచి ఉందో నాకు తెలీదు. రోజూ నా లాప్‌టాప్ పక్కనే పడుకునే జంతువు కంటిలోకి నేను చివరిసారి సూటిగా ఎప్పుడు చూశానో కూడా గుర్తు రాలేదు.

ఆ టైములో ఏ డాక్టరూ దొరకలేదు. రెండు నంబర్లు చేశాను, రెండూ మోగి ఆగిపోయాయి. అమ్మమ్మ, "నా చుక్కలున్నాయిగా, ఓ బొట్టు వెయ్యి, పొద్దున్న తీసుకుపోదువు" అంది. మనిషి కంటికి వేసేదే కదా, అంత ఖరీదైన మందు, కుక్క కంటికి చెడు చేస్తుందా? వేశాను. అది తల విదిలించింది, సీసా మూతి దాని కంటి రెప్పకి తగిలింది. మూత పెట్టి, ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఉండే చోటే పెట్టేశాను.

మర్నాడు ఏడున్నరకల్లా ఆటో ఎక్కించాను. హడావిడిలో అమ్మమ్మకి ఎనిమిదింటి చుక్కలు వెయ్యలేదు. అలారం ఆటోలో మోగింది.

డాక్టరు గారు యాభై దాటిన ఆవిడ. ముందు కంటి కింద రెప్పలో ఒక సన్నటి కాగితం ముక్క దోపి, నిమిషం సేపు గడియారం చూశారు. కన్నీళ్ళు సరిపడా ఊరుతున్నాయో లేదో దాంతో తెలుస్తుందట, 15 మిల్లీమీటర్లు తడిస్తే ఫర్వాలేదట. బూరెకి 17 వచ్చింది. తర్వాత నారింజ రంగు చివర ఉన్న ఇంకో కాగితం తీసి, ఒక చుక్క సెలైన్‌తో తడిపి, కంటికి తాకించారు. గదిలో లైటు ఆపి నీలం టార్చి వేశారు. కంటి మీద ముక్కు వైపు, బియ్యపు గింజంత మేర ఆకుపచ్చగా వెలిగింది.

"కార్నియా మీద పుండు పడింది. పై పొర లేచిపోయిన చోటే ఈ రంగు అంటుకుంటుంది" అన్నారు. నా చేత మడత పైకెత్తి పట్టించి చూపించారు. ముక్కు మడత వాచి ముందుకి తోసుకొచ్చింది. దాని మీది వెంట్రుకలు సరిగ్గా ఆ ఆకుపచ్చ మచ్చ ఉన్న చోట కనుగుడ్డుని తాకుతున్నాయి. రెప్ప వేసిన ప్రతిసారీ చీపురుతో ఊడ్చినట్టు. పైగా మడతలో మంట ఎక్కువై, ఇది మొహాన్ని సోఫాకేసి రుద్దుకుంటోంది. నేను దాన్ని ముద్దు చేస్తోందనుకుని రెండు వీడియోలు కూడా తీశాను. ఒకటి డాలస్‌కి పంపాను.

ఈ జాతి కుక్కలకి కనుగుడ్లు గూట్లో లోతుగా ఉండవు, బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కొన్నిటికి నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు కూడా. పై చెయ్యి ఏమిటంటే, వీటి కార్నియాకి మిగతా కుక్కల కన్నా స్పర్శ తక్కువ. అంటే గీసుకున్నా తొందరగా గింజుకోవు, మనకి తెలియనివ్వవు.

"ఇంట్లో ఏమైనా వేశారా?" అని అడిగారు. సిగ్గుపడుతూ చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"ఆపరేషన్ అయినవాళ్ళకిచ్చే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. వాపు తగ్గడానికి వాళ్ళకది అవసరం. పుండు ఉన్న కంట్లో అదే వేస్తే పుండు మానదు సరికదా, లోతుకి దిగుతుంది. ఒక్కోసారి రెండు మూడు రోజుల్లో కన్ను చిల్లు పడుతుంది. ఒక్క బొట్టే అంటున్నారు కాబట్టి సరే. ఇంక ఎప్పుడూ వెయ్యకండి" అన్నారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "సీసా దీని కంటికి తగిలిందా?" అన్నారు.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. పన్నెండు రోజుల కిందట కోసిన అమ్మమ్మ కన్ను. ఐదు వారాలు కుళ్ళిన మడత పక్కన తాకిన సీసా మూతి. ఇంటికి ఫోన్ చేశాను. మూడు రింగులయ్యాక ఎత్తింది.

"అమ్మమ్మా, చుక్కలు వేసుకున్నావా?"

"నువ్వు లేకుండా ఎవరేస్తార్రా? నీకోసమే చూస్తున్నా."

"వెయ్యకు. ఆ సీసా ముట్టుకోకు. కొత్తది తెస్తున్నా."

ఎందుకని అడిగింది. వచ్చి చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక నా చేతులు వణకడం డాక్టరు గారు చూసినట్టున్నారు, కుర్చీ జరిపి కూచోమన్నారు. తర్వాత దారిలో అమ్మమ్మ కంటి ఆస్పత్రికి ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. ఒక డోసు ఆలస్యమైతే కొంప మునగదు, కొత్త సీసా వాడండి, ఎరుపు గానీ నొప్పి గానీ ఉంటే వెంటనే రండి అన్నారు. ఏమీ రాలేదు. ఆ రోజు అలారం మర్చిపోవడం నా అదృష్టం.

ఇక మడత సంగతి. డాక్టరు గారు ఒక సెలోటేపు ముక్కని మడత లోపల అద్ది, గాజు పలక మీద అంటించి, రంగేసి మైక్రోస్కోపులో చూశారు. నన్నూ చూడమన్నారు. నడుము దగ్గర సన్నబడ్డ వేరుసెనక్కాయల్లాంటి ఊదారంగు గింజలు గుంపులుగా కనిపించాయి. మలాసీజియా అనే ఈస్టు. మధ్య మధ్య ద్రాక్షగుత్తుల్లా చిన్న చుక్కలు, అవి బాక్టీరియా. రెండూ ఉన్నాయి కాబట్టి రెండిటికీ మందు రాశారు. కంటికి వేరే యాంటీబయాటిక్ చుక్కలు, మెడకి ప్లాస్టిక్ గరాటు లాంటి కాలరు. ఆ కాలరుతో బూరె గుమ్మాలన్నిటినీ గుద్దుకుంటూ తిరిగింది. అమ్మమ్మ దాన్ని చూసి గ్రామఫోను పెట్టె అని నవ్వింది.

తుడవడం ఎలాగో ఆవిడ చేసి చూపించారు. నేను ఇన్నాళ్ళూ చేసింది సగమే అని అప్పుడు తెలిసింది. ఇళ్ళలో పగ్గో, బుల్‌డాగో, ముడతల మొహం ఏదైనా ఉన్నవాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తాను, మిగతావాళ్ళు ఈ పేరా దాటేయండి.

ముందు కళ్ళు. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో దూది పలకని తడిపి, కంటి మూలల పుసిని మెత్తబరిచి తియ్యాలి. ఎండిపోయిన పుసిని గోటితో గీకకూడదు. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వాడకూడదు. తర్వాత మడత. ఎడం చేతి బొటనవేలితో మడతని సాగదీసి, కుడిచేతి చూపుడువేలికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, మడత అడుగు దాకా పోనిచ్చి, లోపల్నుంచి బయటికి ఒక్క దిక్కుగా తుడవాలి. నేను పైపైన రుద్ది వదిలేసేవాణ్ణి, అడుగున ఉన్న అసలు మురికి అలాగే ఉండిపోయేది. ముక్కు మడత ఒక్కటే కాదు, కళ్ళ కింద ఇరువైపులా ఉండేవి, పెదవి పక్కన చొంగ చేరేవి కూడా. బుల్‌డాగులకైతే తోక మొదట్లో కూడా ఓ గుంట ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా తుడిచాక, ఇంకో పొడిగుడ్డతో అదే దారిలో అద్దాలి. ఈ రెండో గుడ్డే ముఖ్యం. తడిపి ఆరబెట్టకుండా వదిలేస్తే అసలు తుడవకపోవడం కన్నా అన్యాయం.

ఇన్ఫెక్షన్ ఉన్నన్నాళ్ళు క్లోర్‌హెక్సిడిన్ ఉన్న వైప్స్ ఇచ్చారు. అది మాత్రం కంట్లో పడకూడదు, కార్నియాని దెబ్బ తీస్తుంది. అందుకని వైపుని ముందు పిండి, మడత కింది వైపు నుంచే వాడమన్నారు. మామూలు రోజుల్లో సెలైన్ చాలు, లేదా కాచి చల్లార్చిన నీళ్ళు. ఎన్ని రోజులకోసారి అన్నది కుక్కని బట్టి ఉంటుంది. కొన్నిటికి వారానికి రెండుసార్లు సరిపోతుందట. మా వాడిది లోతు మడత, హైదరాబాదులో వర్షాకాలం, కాబట్టి రోజూ.

పౌడరు ఎందుకు వద్దంటే, చెమ్మకి అది ముద్ద కట్టి, సున్నంలా మడత అడుగున పేరుకుంటుంది. కొబ్బరినూనె తడిని లోపల బంధిస్తుంది, పైగా ఆ ఈస్టుకి కొవ్వు అంటే ప్రాణం. పసుపు రాస్తే చర్మం ఎర్రబడిందో లేదో మనకి కనపడదు. స్పిరిటు, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండు మీద పడితే మంట తప్ప ఏం రాదు. సెంటున్న బేబీ వైప్స్ కూడా వద్దన్నారు. ఇదంతా ఇంటికొచ్చి అమ్మమ్మకి ఒక్కొక్కటీ చెప్పాను. పసుపు సంగతి ఆవిడ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. "మీ అందరికీ రాసే పెంచాను" అంటుంది.

ఆ రాత్రి నుంచీ బూరె మొహం తుడిచే పని అమ్మమ్మ నా చేతే చేయించింది. తన కంటికి దూరంగా ఉండాలి కాబట్టి తను కుర్చీలో కూచుని, నల్లకళ్ళద్దాల్లోంచి మేస్త్రీలా చూసేది. "లోపలికి పోనియ్యి. ఇంకా. ఆ గుడ్డ చూపించు. ఇదిగో, ఇంకా మరకుంది." మొదట్లో బూరె గింజుకుంది, నొప్పి కదా. అమ్మమ్మ ఒక ఉపాయం చెప్పింది. మందు వెయ్యని వేళల్లో కూడా ఊరికే మొహం పట్టుకుని, మడత ఎత్తి, వదిలేసి, ఓ కారెట్ ముక్క పెట్టమంది. నాలుగు రోజులకి నా చేతిలో గుడ్డ చూడగానే తనే వచ్చి కూచోవడం మొదలెట్టింది. కారెట్ కోసమేననుకోండి.

పైపొర వరకే ఉన్న పుండు సాధారణంగా వారంలోపు మానుతుందన్నారు. బూరెది పదహారు రోజులు పట్టింది. ఆలస్యానికి నేను వేసిన ఆ బొట్టు కారణమా అని అడిగాను. "చెప్పలేం" అన్నారు డాక్టరు గారు. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారో, నిజమే అన్నారో. నీలం టార్చి వేసినప్పుడు ఆకుపచ్చ మచ్చ కనపడని రోజున కాలరు తీసేశాం. కంటి మీద వెలుతురు పక్కవాటంగా పడితే సన్నటి గీత ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంది. అది పోదట. చూపుకి అడ్డం మాత్రం కాదన్నారు.

ఈ గొడవలో ఉన్నప్పుడే ఒక బొమ్మ చూశాను. విలియం హోగార్త్ అని ఇంగ్లండు చిత్రకారుడు 1745లో తన బొమ్మ తనే గీసుకుని, పక్కన తన పగ్గుని కూచోబెట్టాడు. ఆ పగ్గుకి మూతి ఉంది. అంటే మరీ పొడుగేం కాదు కానీ, నోట్లో బిస్కెట్టు పట్టుకునేంత మూతి, గాలి పీల్చేంత ముక్కు. ముక్కు మీద ఇంత మడత లేదు. బూరెని పక్కన పెట్టి చూస్తే దూరపు చుట్టాల్లా ఉన్నారు. మూతి ఎంత పొట్టిదైతే అంత ముద్దొస్తోందని, తరతరాలుగా పొట్టి మూతి దాన్ని పొట్టి మూతి దానితోనే జత కడుతూ వచ్చాం. ఎముక తగ్గింది కానీ దాని మీద కప్పాల్సిన చర్మం తగ్గలేదు. మిగిలిపోయిన చర్మం మడతలు పడింది. మా ఇంట్లో వాసన కొట్టింది ఆ మిగులు చర్మమే.

2022లో ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు పగ్గుల ఆరోగ్యాన్ని మిగతా కుక్కలతో పోల్చి, ఆరోగ్యం వరకూ పగ్గుని మామూలు కుక్కగా లెక్క వెయ్యలేమని తేల్చారు. నెదర్లాండ్స్‌లో మూతి మరీ పొట్టిగా, తల పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కలకి పిల్లలు తీయించకూడదని నిబంధన ఉంది. మన దగ్గర ఆదివారం సంతలో ఎంత నొక్కుకుపోయిన మొహమైతే అంత ధర. కొనొద్దని చెప్పే అర్హత నాకు లేదు, నేను కొనలేదు కాబట్టి మాట్లాడటం సులువే. కానీ కొనేముందు రోజుకి మూడు నిమిషాలు, ఏడాదికి 365 రోజులు, పది పన్నెండేళ్ళ పాటు అన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. యాడ్‌లో ఆ కుక్క పరిగెడుతుంది, దాని మొహం ఎవరు తుడుస్తారో చూపించరు.

డాలస్‌కి వీడియో కాల్ చేసి అంతా చెప్పాను. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నేనూ రోజూ తుడిచేవాణ్ణి కాదు రా. నీకు చెప్పడానికి చెప్పానంతే" అన్నాడు చివరికి. ఆ మాటకి కోపం రాలేదు. వైద్యం ఖర్చు సగం పంపిస్తానన్నాడు, పంపించాడు కూడా.

ఇంకో విషయం మిగిలి ఉంది. డాక్టరు గారు బూరెని తూచారు. 10 కిలోల 400 గ్రాములు. పగ్గు అంటే 6 నుంచి 8 కిలోలుండాలి. లావెక్కినకొద్దీ మడతలు లోతవుతాయి, ఊపిరీ కష్టమవుతుంది. "ఏం పెడుతున్నారు?" అంటే డాగ్ ఫుడ్డే అన్నాను, నాకు తెలిసినంతవరకు. ఇంటికొచ్చి ఆరా తీస్తే, నేను మీటింగుల్లో ఉన్నప్పుడు అమ్మమ్మ చేత్తో పెరుగన్నం, నేతి చుక్కతో ముద్దపప్పు నడుస్తున్నాయని బయటపడింది. "నువ్వు గిన్నెలో పోసేవి రాళ్ళలా ఉన్నాయిరా, పళ్ళూడిపోతాయి దానికి" అంది. అప్పటికి ఆవిడ వచ్చి మూడు వారాలే. మిగతా రెండు కిలోలు నా పిజ్జా అంచులవి, అది నేను ఆవిడకి చెప్పలేదు.

ముక్కు మడతని ఆపరేషన్ చేసి తీసేసే దారి కూడా ఉంది. మళ్ళీ కన్ను గీసుకుంటే అదే మంచిదన్నారు. అయితే పొట్టి మూతి కుక్కలకి మత్తు ఇవ్వడం, మత్తులోంచి బయటికి తేవడం జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. ముందు బరువు తగ్గించి, మడత ఎంత తగ్గుతుందో చూసి, మూడు నెలల తర్వాత నిర్ణయిద్దామన్నారు. సరేనన్నాను. ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి, ఎండ రాకముందే, కొండాపూర్ సందుల్లో మేమిద్దరం నడుస్తున్నాం. పోయిన శనివారం తూకం 9 కిలోల 300.

అమ్మమ్మ తెనాలి వెళ్ళిపోయింది. ఎడం కంటి ఆపరేషన్‌కి సంక్రాంతి అయ్యాక వస్తానంది. రాత్రి తొమ్మిదిన్నరకి నా అలారం కన్నా ముందు ఆవిడ ఫోన్ మోగుతుంది. తిన్నావా అని అడగదు. "వీడియో పెట్టు" అంటుంది. పెడతాను. ఫోన్‌ని నీళ్ళసీసాకి ఆనించి, బూరెని ఒళ్ళోకి లాక్కుని, మడత ఎత్తుతాను.

"రెండో గుడ్డ ఏదిరా?" అంటుంది.